రాజధాని నుంచి తెచ్చిన అంచు

అమరావతిని నేను మొదటిసారి లాంచీ దిగి చూశాను. అదీ ఊరికే, నా చేతి డబ్బు కాకుండా. ఊరికే వచ్చినదాన్ని మనిషి ఎంత తేలిగ్గా చూస్తాడో చెప్పమంటే నేనే సాక్ష్యం చెబుతాను.

కృష్ణా పుష్కరాలు ఇంకా ఏడాది ఉన్నాయనగా జరిగిన సంగతి ఇది. అప్పటికి పదేళ్ళుగా ఆటోనగర్‌లో లారీలకు రంగులేసే షెడ్డులో పనిచేస్తున్నాను. ఏడో తరగతిలో బడికీ నాకూ పడలేదు. నేనే మానేశానని అందరికీ చెప్పేవాణ్ణి గానీ, నిజానికి మా ఇద్దరిలో ముందు విసుగెత్తింది బడికే. ఆ తర్వాత నా చదువంతా లారీ వెనక తలుపు మీదే సాగింది. మధ్యలో తామరపువ్వు, అటూ ఇటూ చిలకలు, చుట్టూ ఆకుల తీగ, కింద హారన్ కొట్టమని ఒక విన్నపం. చెయ్యి మంచిదని మా మేస్త్రి గారు కూడా ఒప్పుకునేవారు.

"చెయ్యి మంచిదేరా. నీ నోరే దాన్ని పని చేసుకోనివ్వదు" అనేవారు.

మేస్త్రి గారు అరవై దగ్గరపడిన సాయిబు. ఇల్లు భవానీపురంలో. ఒక లారీ తలుపు పూర్తయిందంటే దాని ముందు స్టూలేసుకుని కూర్చుని, టీ చల్లారేదాకా చూసేవారు. నేను అప్పటికి ఇంకో రెండు టీలు తాగి, ముగ్గుర్ని నవ్వించి, ఒకణ్ణి ఏడిపించి వచ్చేవాణ్ణి.

ఆ ఏడు దసరాకి ఆయుధపూజ అయ్యాక, మా ఓనరుకి ఏం సంతోషం కలిగిందో గానీ షెడ్డులో పనిచేసే పదిమందికీ లాంచీ టిక్కెట్లు కొన్నాడు. భవానీపురం వైపు రేవులో పొద్దున్నే ఎక్కితే, కృష్ణలో ఎదురెక్కి పదిన్నరకల్లా అమరావతి. అక్కడ మూడు గంటలు ఆగుతుంది. గుడి, మ్యూజియం, స్తూపం చూసుకుని, పెట్టిన పులిహోర పొట్లం తినేసి, ఒంటిగంటన్నరకల్లా లాంచీలో ఉండాలి. ఒకప్పుడు రాజులేలిన రాజధాని కాబట్టి చూసి తీరాల్సిందేనని ఓనరు చెప్పాడు. ఆయన చూడలేదట.

ప్రయాణానికి ముందు రోజు మంగళగిరి వెళ్ళాను. మా అక్కని అక్కడ నేతపనివాళ్ళింట్లో ఇచ్చాం. మా బావది ఒక మగ్గం, ఆయన తమ్ముడిది ఒక మగ్గం. రెండిటికీ నూలు కండెలు చుట్టడం అక్క పని. పొద్దున లేచింది మొదలు రాట్నం తిప్పుతూనే ఉండాలి. తను ఒక పూట లేస్తే రెండు మగ్గాలూ ఆగిపోతాయి. నేను గుమ్మంలో అడుగుపెట్టి, రేపు రాజధాని చూడబోతున్న రాజావారు వేంచేశారని ప్రకటించాను. అక్క రాట్నం ఆపలేదు.

"ఎక్కడికిరా?"

"అమరావతి. లాంచీలో."

అప్పుడు ఆపింది.

"ఒరేయ్, నవ్వకుండా వింటావా?"

"నవ్వకుండా వినడం నాకు చేతకాదే. విని తర్వాత నవ్వుతా, చెప్పు."

"ఆరో తరగతిలో మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. మ్యూజియంలో ఓ తెల్లరాయి ఉంది. పొడుగ్గా, పట్టీలాగా. దాని మీద లావుపాటి పూలదండ వంపులు తిరుగుతా పోద్ది. కింద మనుషులు దాన్ని భుజాల మీద మోస్తుంటారు. నాకు మనుషులొద్దు. దండ కావాలి. పైకి లేచి, కిందకి దిగి, మళ్ళీ లేస్తది కదా, ఆ దిగిన ప్రతి వంపులోనూ ఏదో ఉంది. అదేంటో ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు. చూస్తా ఉంటే టీచరు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిపోయింది."

"ఇప్పుడేం చేసుకుంటావు దాన్ని?"

"అంచు చేస్తా."

ఆ మాట అన్నప్పుడు అక్క గొంతు కొంచెం తగ్గింది, లోపల మగ్గం మీదున్న బావకి వినపడకూడదన్నట్టు. సంగతి ఏమిటంటే, వాళ్ళకి నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు కొత్తగా జకార్డు పెట్టించాడు. జకార్డంటే మగ్గం పైన బిగించే పెట్టె. బొమ్మని గళ్ళ కాగితం మీద చుక్కలుగా పెట్టుకుని, ఆ చుక్కల ప్రకారం అట్టలకి చిల్లులు కొడితే, ఆ అట్టలే దారాల్ని లేపి అంచు మీద డిజైను తెప్పిస్తాయి. గళ్ళ కాగితం పనిని వాళ్ళు గ్రాఫు అంటారు. అక్క ఆ పనిని వీధిలో ఒక పెద్దాయన చేస్తుంటే చూసి చూసి నేర్చేసుకుంది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఒకరోజు షావుకారు కొట్లో పదిమంది ముందు తనే నోరు విప్పి అడిగింది. రాజుల కాలంనాటి రాతి మీదున్న అంచు తెస్తానని, అది నచ్చితే గ్రాఫుల పని తనకివ్వాలని. షావుకారు ముందు నవ్వి, తర్వాత ఒప్పుకున్నాడు.

"సరే అమ్మాయ్. పట్నం షాపులవాళ్ళు ఈ మధ్య చీరతో పాటు కథ కూడా అడుగుతున్నారు. తే చూద్దాం. నిజంగా ఆ రాతి మీదిదైతే నాలుగు మగ్గాల మీదేయిస్తా. గ్రాఫులు నువ్వే చేద్దువుగాని. కండెలు చుట్టే పని ఇంకెవరైనా చూసుకుంటారు" అన్నాడట.

మంగళగిరి నుంచి అమరావతి ఎంత దూరమని మీరడగొచ్చు. బస్సెక్కితే ఒక పూట. ఆ ఒక పూటే అక్క దగ్గర లేదు. నా దగ్గర మూడు గంటలున్నాయి, పులిహోరతో సహా.

అక్క గళ్ళ కాగితాలు రెండు, చెక్కిన పెన్సిలు ఒకటి చేతిలో పెట్టింది. "ఒక వంపు నుంచి ఇంకో వంపుకి ఎంత దూరమో జానతో కొలిచి రాసుకో. ఆ లోపలున్నదేంటో సరిగ్గా చూసి గియ్యి. నీ చెయ్యి మంచిది కదరా" అంది. ఇంట్లో నన్ను మెచ్చుకున్నది తనొక్కతే. తేలిగ్గా ఒప్పేసుకున్నాను.

మర్నాడు లాంచీలో మా పదిమందే కాక ఇంకో నలభై మంది దాకా ఉన్నారు. బందరు వైపు నుంచి వచ్చిన పెద్ద కుటుంబం ఒకటి, కొత్తగా పెళ్ళైన జంటలు, రిటైరైన ఉద్యోగులు. బ్యారేజీ పైన కృష్ణ నిండుగా ఉంది. గట్టు మీద అరటితోటలు నిదానంగా వెనక్కి పోతున్నాయి. నేను మాత్రం నిదానంగా లేను. లాంచీ డ్రైవరు చక్రం తిప్పుతుంటే, రివర్స్ గేరు ఎక్కడుందని అడిగాను. అరగంటలో లాంచీ సగం నా వైపు తిరిగి కూర్చుంది. మనుషులు నవ్వడానికి సిద్ధంగా నా మొహం చూస్తుంటే నాకు కల్లు తాగినట్టుండేది. ఇప్పటికీ అంతే. అదొక జబ్బు.

రాజధాని అంటే కోటలు, బురుజులు ఉంటాయనుకుని దిగాం. రేవు మెట్లెక్కితే టీ కొట్టు, కొబ్బరికాయల కొట్టు, మిరపకాయ టిక్కీలు, అవే బస్తాలు, వేసుకున్న లారీ ఒకటి కనిపించాయి. ఆ లారీ మా షెడ్డుదే. తలుపు మీద నేనేసిన చిలకలు. "చూశారా, రాజుగారు మన పని చూసి ముచ్చటపడి ఒకటి ఉంచుకున్నారు" అన్నాను. అందరూ నవ్వారు. మేస్త్రి గారు కూడా నవ్వారు గానీ, గుడి దగ్గర మావాళ్ళంతా లోపలికెళ్ళాక నన్ను పక్కకి పిలిచారు. అక్క కాగితాల సంగతి లాంచీలోనే ఆయనకి చెప్పాను.

"ముందా పని చేసెయ్. తర్వాత ఎంతసేపైనా కుయ్యి."

"మీరు రండి మేస్త్రి గారూ, కలిసి చూద్దాం."

ఇద్దరం మ్యూజియంకి వెళ్ళాం. ఫొటోలు తీయకూడదని బోర్డుంది. గీసుకోకూడదని లేదు. ఆ రాయి పది నిమిషాల్లో దొరికింది. అక్క చెప్పినట్టే, పొడుగ్గా, తెల్లగా, ఒక మూల విరిగి ఉంది. పూలదండ నిజంగానే మనిషి తొడంత లావు. దాన్ని మోసేవాళ్ళ భుజాలు బరువుకి వంగి ఉన్నాయి. రాయి కదా, బరువుండదా అని నవ్వబోయి ఆగాను. ఎందుకంటే ఆ వంగినవాళ్ళలో ఒకడు అలిసిపోయిన మొహంతో ఉన్నాడు. ఎవడో పక్కనుంచి మాట్లాడితే వింటున్నట్టు తల తిప్పి ఉన్నాడు. కాగితం తీసి, కింద కూర్చుని, దండ పై గీత ఒకటి, కింది గీత ఒకటి గీశాను. రెండు గీతలే. వంపు లోపల ఏముందో చూడ్డానికి ముందుకి వంగాను.

"బాబూ, ఇదేంటి?"

వెనక బందరు కుటుంబంలోని పెద్దావిడ. చుట్టూ పిల్లలు, కోడళ్ళు. ఆవిడ అడిగింది నా ముందున్న రాయి గురించి కాదు, పక్కన నిలబెట్టిన స్తంభం మీదున్న పెద్ద తామరపువ్వు గురించి.

"ఇదాండీ? ఆ కాలం లారీ చక్రమండీ. స్టెప్నీ."

ఒక కోడలు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే. ఆ చెంగు చాలు నాకు. లేచి నిలబడ్డాను. పక్క రాతి మీద చక్రం చూపించి, "దీని అలైన్‌మెంటు చూడండి. ఇన్ని వందల ఏళ్ళైనా ఊగలేదు. మా ఆటోనగర్‌లో చేయించింది ఆరు నెల్లు ఉండదు" అన్నాను. ఎద్దుని చూపించి ఇంజనన్నాను. గొడుగుని చూపించి క్యాబిన్ టాప్ అన్నాను. మ్యూజియంలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే మా వైపు చేరారు. గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న ఉద్యోగి ముందు మొహం ముడిచి, తర్వాత తనే వచ్చి, "మరి ఈ ఏనుగో?" అని అడిగాడు.

"ఓవర్‌లోడండీ."

వాళ్ళు స్తూపం దగ్గరికి వెళుతూ నన్ను రమ్మన్నారు. గైడు కావాలట. ఇంకా రెండు గంటల టైముంది, వచ్చి గీసుకోవచ్చులే అనుకున్నాను. కాగితం, పెన్సిలు ఆ రాయి పక్కనే గట్టు మీద పెట్టి వెళ్ళాను. స్తూపం దిన్నె చుట్టూ తిరుగుతూ, రాజుగారి దగ్గర లైసెన్సు లేని సారథి కథ ఒకటి అల్లాను. పులిహోర తింటూ దానికి రెండో భాగం అల్లాను. పెద్దావిడ తన పొట్లంలోని మామిడికాయ ముక్క తీసి నాకే పెట్టింది. అది నోట్లో ఉండగా లాంచీ హారన్ వినిపించింది.

మ్యూజియం రేవుకి ఒక పక్కనుంది, మేం దిన్నె దగ్గర ఇంకో పక్కనున్నాం. పరుగెత్తి ఉంటే అందేదేమో. అందరితో కలిసి లాంచీ వైపే నడిచాను.

లాంచీలో మేస్త్రి గారు ముందే వచ్చి కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పితో ఆయన మ్యూజియం వరండాలోనే ఉండిపోయారట. రాయి పక్కన నేనొదిలేసిన కాగితాలు ఆయన ఒళ్ళో ఉన్నాయి.

"రెండు గీతలే ఉన్నాయేంరా?"

"మిగతాదంతా ఇక్కడుంది" అని నా తల చూపించాను.

"అందులో ఏముందో నాకు తెలీదా. పదేళ్ళ నుంచి దానికి ప్రైమరు కొడతన్నా, పట్టట్లేదు." నవ్వుతూనే అన్నారు. తర్వాత నవ్వు తీసేసి, "మీ అక్కకి చూళ్ళేకపోయానని చెప్పెయ్యిరా. చూళ్ళేదంటే ఒక తిట్టు తిట్టుద్ది. ఐపోద్ది" అన్నారు.

చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో ఒక మూల కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని గీయడం మొదలుపెట్టాను. మొదట నిజంగా గుర్తు తెచ్చుకుందామనే అనుకున్నాను. దండ వంపు వచ్చింది. వంపు లోపల ఖాళీ. ఆ ఖాళీలో చెయ్యి తనకి తెలిసినదే పెట్టుకుంటూ పోయింది. లారీ తలుపు మీది తీగ మేం చూసి గీయం. చిల్లులు పొడిచిన కాగితం తలుపుకి ఆనించి, బొగ్గుపొడి మూటతో తడితే చుక్కలు పడతాయి. వాటిని కలుపుకుంటూ పోవడమే. అలా వేలసార్లు కలిపిన గీత కళ్ళు మూసుకున్నా వస్తుంది. సగం తామర, పక్కన ఆకు, ఆకు పక్కన ఆకు, ఐదో ఆకు తలకిందులు. ఆ తలకిందుల ఆకు మా షెడ్డు గుర్తు. ఇంకో షెడ్డువాడు మా తీగ కాపీ కొడితే పట్టుకోవడానికి మేస్త్రి గారు పెట్టిన కిటుకు. అది కూడా గీసేశాను. గీశానన్న సంగతి కూడా తెలియకుండా గీశాను. రేవు చేరేసరికి బొమ్మ అందంగా తయారైంది. అదే నా ఖర్మ. వికారంగా వచ్చి ఉంటే దాచేసేవాణ్ణి.

ఆ సాయంత్రమే అక్కకిచ్చాను. వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది.

"ఇదేనంటావా? నాకు వేరేగా గుర్తుంది."

"ఆరో తరగతి బుర్ర కదే. నువ్వప్పుడు ఏనుగుని చూసి కూడా కుక్కపిల్లనుకుని ఉంటావు."

"ఈ ఆకేంట్రా, తిరగబడి ఉంది?"

అప్పుడు చూసుకున్నాను. "రాతి మీద అలాగే ఉంది. చెక్కినవాడు తన గుర్తు పెట్టుకున్నాడేమో" అన్నాను. అక్క మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి తప్పించుకున్నాననుకున్నాను.

రెండు నెలలు పట్టింది తనకి. పగలు కండెలు చుట్టి, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టేది. తలకిందుల ఆకుని ఎక్కడా వదల్లేదు, ఐదోది ఐదోచోటే పెట్టింది. అట్టలకి చిల్లులు కొట్టించి, బావ చేత ఒక చీర నేయించింది. గంధం రంగు చీర, ఎర్రంచు మీద జరీ. ఆ అంచు అరచేతి మీద వేసుకుని చూపిస్తే, నేనే ఒక్క క్షణం అది రాతి మీదిదేనని నమ్మాను. అంత బాగా వచ్చింది.

షావుకారు కొట్టుకి నన్ను కూడా రమ్మంది. "బొమ్మ తెచ్చినవాడివి నువ్వేగా, పక్కనుండు" అంది. మోపెడ్ మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. కొట్లో పరుపు మీద షావుకారు, ఆయన చుట్టూ నలుగురైదుగురు నేతపనివాళ్ళు. అక్క చీర పరిచింది. షావుకారు అంచు వేళ్ళతో తడిమి, వెనక్కి తిప్పి చూసి, తల పంకించాడు.

"అమరావతి రాతి మీదిదేనా అమ్మాయ్?"

"అవునండి. మా తమ్ముడు స్వయంగా చూసి గీసుకొచ్చాడు. ఇదిగో, ఈ ఆకు చూడండి. చెక్కినాయన తన గుర్తుగా తిప్పి చెక్కాడంట."

షావుకారు ఆ ఆకుని వేలితో చూపిస్తూ పక్కవాళ్ళందరికీ వినిపించాడు. అదే సమయానికి నూలు బేళ్ళు దించడానికి వచ్చిన లారీ డ్రైవరు చీటీ మీద సంతకం కోసం లోపలికి వచ్చాడు. పరిచిన చీర మీదికి వంగాడు.

"ఇదెక్కడి చోద్యమండీ! ఇది నా బండి తలుపు మీదుంది గదా! ఇదిగో, ఈ ఎదవాకు కూడా. ఆటోనగర్‌లో ఏయించా. తప్పేశాడని కొట్లాట కూడా పెట్టుకున్నా!"

అందరూ బయటికెళ్ళి చూశారు. వెనక తలుపు మీద తామర, ఆకు, ఆకు, ఐదో ఆకు తలకిందులు. ఎర్ర రంగు మీద పసుపు. ఒక్కసారిగా నవ్వు. షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"రాజధాని నుంచి తెస్తానని చెప్పి ఆటోనగర్ నుంచి తెచ్చావేంటమ్మాయ్!"

అక్క నవ్వలేదు. తలుపునీ, చేతిలో మడిచి పట్టుకున్న చీర అంచునీ మార్చి మార్చి చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేనేదో చెబుతానని ఎదురుచూస్తోంది. "తప్పు నాదండి, అక్క రాతి మీదిది తెమ్మంది, నేను తేలేదు" అనాలి. ఇన్నేళ్ళుగా వందలసార్లు మనసులో చెప్పుకున్నాను కాబట్టి ఎంత సులువైన మాటలో నాకు తెలుసు. ఆ నవ్వంతా నా వైపు తిరిగేసరికి, అంతమంది నా మొహం చూసేసరికి, నోరు తన అలవాటు తను చేసింది.

"ఏమోనండి, ఆ రాజులకీ లారీలుండేవేమో!"

నవ్వు రెట్టింపైంది. ఆ నవ్వులోనే అక్క పని పోయింది. లారీ తలుపు చూసి కాపీ కొట్టి, రాజుల కథ అంటగట్టిందని తేలిపోయింది. షావుకారు మంచివాడే, చీర తిప్పి పంపలేదు, అమ్మకానికి ఉంచుకున్నాడు. గ్రాఫుల పని మాత్రం నెల తిరక్కుండా చీరాల నుంచి ఒకతన్ని పిలిపించి ఇచ్చాడు. "బొమ్మ ఎలా ఉన్నా మాట నిలబడాలి గదా" అని బావతో అన్నాడట.

మోపెడ్ మీద ఇంటికి బయల్దేరాం. రైల్వేగేటు దగ్గర ఆగాం.

"అసలు వెళ్ళావా?"

"వెళ్ళాను. రాయి చూశాను కూడా."

"మరి లోపలేముంది?"

గూడ్సు బండి చాలా పొడుగ్గా ఉంది. అది అయిపోయేదాకా పెట్టెలు లెక్కపెట్టాను. గేటు లేచింది. ఇంటికి తీసుకెళ్ళి దింపాను. తను లోపలికెళ్ళి రాట్నం ముందు కూర్చుంది. ఆ తర్వాత నన్ను ఏ బొమ్మా గీసిపెట్టమని అడగలేదు. మా ఇద్దరి మధ్యా పలకరింపులున్నాయి, పండక్కి పిలుపులున్నాయి. ఎప్పుడన్నా నేను జోకేస్తే నవ్వేది కూడా, ఇంటికొచ్చినవాళ్ళ జోకుకి నవ్వినట్టు.

ఐదారేళ్ళు గడిచాయి. లారీ తలుపులకి రంగుల బదులు స్టిక్కర్లు వచ్చాయి. మేస్త్రి గారు పోయారు. పని తగ్గి, పొద్దుపోని ఒకరోజు బస్సెక్కి అమరావతి వెళ్ళాను. ఎవరూ ఊరికే తీసుకెళ్ళలేదు. మ్యూజియంలో ఆ రాయి ముందు కూర్చుని, పూటంతా గీశాను. ఒక్కరితో మాట్లాడలేదు. దండ దిగిన ప్రతి వంపులోనూ విచ్చుకున్న పువ్వు సగం ఉంది. రేకులు మనవైపు కాదు, పైకి తిరిగి, దండ బరువుని అవి కూడా పట్టుకున్నట్టున్నాయి. రెండు జానలు, మూడు వేళ్ళు, ఒక వంపు నుంచి ఇంకో వంపుకి. రాసుకున్నాను. ఇంతసేపటి పనిని రెండు గీతల దగ్గర వదిలిపెట్టి ఏనుగుని ఓవర్‌లోడన్నానా అనిపించింది.

అప్పటికి అక్క ఇంట్లో మగ్గాలు రెండూ తీసేశారు. బావ వాచ్‌మన్‌గా వెళుతున్నాడు. అక్క హైవే మీద ఒక చీరల షోరూములో పనిచేస్తోంది. చూపించిన చీరలు మళ్ళీ మడతపెట్టే పని. మధ్యాహ్నం జనం లేనప్పుడు వెళ్ళి కాగితం చేతికిచ్చాను. కౌంటరు మీద పరుచుకుని, వేలితో వంపు వెంట నడిచింది. సగం పువ్వు దగ్గర వేలు ఆగింది.

"ఇదే. పువ్వే" అంది, నెమ్మదిగా. తర్వాత కాగితం మడిచి నా చేతిలోనే పెట్టింది. "ఇప్పుడు నేనేం చేసుకోనురా దీన్ని? ఆయనకి చెప్పావా?"

"ఎవరికి?"

"ఎవరికో నీకు తెలీదూ?"

అట్నుంచి అటే షావుకారు కొట్టుకి వెళ్ళాను. కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు. పెద్దాయన ఒక పక్కన ఈజీ చైర్లో ఉన్నాడు. ఎదురుగా నిలబడి, దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ చెప్పాను. అక్క రాతి మీదిదే తెమ్మందని, నేనే సోకులు పోయి తేలేదని, లారీ తీగ గీసిచ్చి అబద్ధమాడానని. రుజువుగా కొత్త కాగితం కూడా చూపించాను. ఆయన నన్ను కింద నుంచి పై దాకా చూసి, గుర్తుపట్టి, నవ్వడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇట్రా! లారీ చీరామె తమ్ముడు వచ్చాడు. ఇన్నేళ్ళకి రెండో భాగం పట్టుకొచ్చాడు!"

"జోకు కాదండి. నిజం."

"నువ్వు జోకు కాదన్నప్పుడే గదయ్యా నాకు భయం! అక్కని వెనకేసుకొస్తున్నావు, మంచిదే. ఆ రోజు ఏమన్నావు, రాజులకీ లారీలుండేవనా? ఇప్పటికీ మా కొట్లో చెప్పుకుని నవ్వుకుంటాం."

ఆయనకి దగ్గు తెర వచ్చేదాకా నవ్వాడు. కొడుకు నవ్వాడు. లెక్కలు రాసే గుమాస్తా తలెత్తి నవ్వాడు. ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు.

షోరూముకి తిరిగి వెళ్ళేసరికి అక్క ముందు విప్పిన చీరలు కుప్పగా ఉన్నాయి. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"నమ్మలేదక్కా. నవ్వాడు."

ఒక మడత వేసింది. ఇంకో మడత వేసింది.

"నువ్వో?"

లేదని చెప్పొచ్చు. అక్కడ చూసినవాళ్ళెవరూ లేరు.

"నేనూ నవ్వాను."

అక్క ఆ చీర దొంతర మీద పెట్టి, ఇంకోటి లాగింది. "ఆ కొంగు పట్టుకో" అంది. పట్టుకున్నాను. తను ఆ చివర, నేను ఈ చివర. రెండంచులూ కలిపి చదును చేయడానికి నాలుగడుగులు ముందుకొచ్చి, నా చేతిలోంచి కొంగు అందుకుంది. అంచులు సరిపోయాయో లేదో చూసుకుంది. నా మొహం చూడలేదు. తర్వాతి చీర కూడా అలాగే మడిచాం.